ముందు ఉప్పు, ఆఖర్న నూనె

ఎమ్మెస్ కోసం ఒహాయో వచ్చిన మొదటి సెమిస్టర్లోనే నాకు యూనివర్సిటీ డైనింగ్ హాల్లో పని దొరికింది. స్టూడెంట్ వీసా మీద సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకి మించి చెయ్యకూడదు కదా, ఆ 20 గంటలూ నన్ను సలాడ్ బార్ దగ్గరే పడేశారు. అప్పటిదాకా నాకు సలాడ్ అంటే బిర్యానీ పక్కన వచ్చే నాలుగు ఉల్లిపాయ చక్రాలు, ఒక నిమ్మచెక్క. అంతే. అలాంటివాడి చేతికి 5 గ్యాలన్ల బకెట్, అంటే దాదాపు 19 లీటర్లది, ఇచ్చి బాల్సమిక్ వినెగ్రెట్ కలపమన్నారు, అంటే బాల్సమిక్ అనే ద్రాక్ష వెనిగర్, నూనె కలిపి సలాడ్ మీద పోసుకునే డ్రెస్సింగ్.

మొదటిరోజు అన్నీ ఒకేసారి పోసేశాను. నూనె, వెనిగర్, మస్టర్డ్, ఉప్పు, మిరియాలు, అన్నీ. పడవ తెడ్డంత ఉన్న హ్యాండ్ బ్లెండర్ పెట్టి తిప్పితే చూడ్డానికి బాగానే ఉంది. మధ్యాహ్నం అయ్యేసరికి తెలిసింది, ముందొచ్చినవాళ్ళకి చప్పగా ఉంది, బకెట్ అడుగుది వేసుకున్నవాళ్ళకి ఉప్పుకషాయం. అక్కడి హెడ్ కుక్ ఒక పెద్దావిడ, తిట్టలేదు గానీ గ్లాసులో కాస్త నూనె పోసి అందులో చిటికెడు ఉప్పు వేసి నా ముందు పెట్టి వెళ్ళిపోయింది. అరగంట తర్వాత వచ్చి "కరిగిందా?" అంది. కరగలేదు. సాయంత్రం దాకా కూర్చున్నా కరగదు. వెనిగర్లో ఎక్కువభాగం నీళ్ళే కాబట్టి ఉప్పు అందులో ఇట్టే కరుగుతుంది, నూనెలో మాత్రం ఇసకలా అడుగున కూర్చుంటుంది. అందుకే ముందు వెనిగర్లో ఉప్పు, అది కరిగాక మిగతావి, ఆఖర్న నూనె. ఆ తర్వాత ఉద్యోగాలు మారాయి, ఊళ్ళు మారాయి, ఈ వరస మాత్రం మార్చలేదు.

ఇంట్లో ఇద్దరికి వారం వచ్చే కొలత చెప్తాను. మూత ఉన్న గాజుసీసాలో పావు కప్పు, అంటే 60 మిల్లీలీటర్ల బాల్సమిక్ వెనిగర్ పోసి, అర టీస్పూన్ ఉప్పు వేసి, సీసాని తిప్పుతూ కరగనివ్వాలి. తర్వాత ఒక టీస్పూన్ డీజాన్ మస్టర్డ్ (ఆవాలతో చేసే ఫ్రెంచి ముద్ద), మెత్తగా నూరిన చిన్న వెల్లుల్లి రెబ్బ ఒకటి (వారమంతా ఉంచుకునేటట్టయితే ఇది ఇప్పుడు వెయ్యకండి, ఆఖర్న చెప్తాను), అప్పటికప్పుడు దంచిన మిరియాల పొడి కాస్త. అప్పుడు అర కప్పు ఆలివ్ నూనె. మూత బిగించి అరనిమిషం గట్టిగా ఊపడమే. ఫ్రెంచివాళ్ళ లెక్క ప్రకారం అయితే మూడు వంతుల నూనెకి ఒక వంతు వెనిగర్, కానీ ఆ లెక్క నాలుక కోసేసే మామూలు వైన్ వెనిగర్‌కి సరిపోతుంది. బాల్సమిక్‌లో తీపి ఉంది, అందుకని నాకు రెండుకి ఒకటే నచ్చుతుంది. మూడు పోస్తే నోరంతా నూనె నూనెగా అయిపోతుంది. రుచి చూసేటప్పుడు మాత్రం స్పూన్‌తో తీసి నోట్లో వేసుకోకండి, పుల్లగా అనిపించి ఇంకాస్త నూనె పోసేస్తారు, తర్వాత ఆకు మీద వేస్తే చప్పబడిపోతుంది. ఏ ఆకుతో తినబోతున్నారో ఆ ఆకే ఒకటి తుంచి ముంచి తినండి. అప్పటికీ పుల్లగా ఉంటే అర టీస్పూన్ తేనె, లేదంటే తేనె అక్కర్లేదు.

మిక్సీలో మాత్రం వెయ్యొద్దు. ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనెని బ్లేడు కింద పెట్టి తిప్పితే చేదొస్తుంది. నేను రెండుసార్లు చేశాను, రెండుసార్లూ పారబోశాను. డైనింగ్ హాల్లో బ్లెండర్ వాడినా ఏమీ కాలేదంటే అక్కడ పోసేది రంగూ రుచీ లేని కనోలా నూనె కాబట్టి.

ఇక వెనిగర్ సంగతి. డబ్బులు పోగొట్టుకునేది ఇక్కడే, నేనూ పోగొట్టుకున్నాను. బాల్సమిక్ అని ఒకే పేరుతో అమ్ముతారు గానీ అవి ఒకే వస్తువు కాదు. ఇటలీలో మోడెనా, రెజ్జో ఎమిలియా అని పక్కపక్క ఊళ్ళున్నాయి. అక్కడి అసలైన సంప్రదాయ బాల్సమిక్‌లో వైన్ వెనిగరే కలపరు. మనవాళ్ళు చెరుకురసం కాచినట్టు ద్రాక్షరసాన్ని గంటల తరబడి కాచి, ఓక్, చెస్ట్‌నట్, చెర్రీ, మల్బరీ, ఇలా రకరకాల చెక్కలతో చేసిన పీపాల్లో పోసి ఇంటి అటక మీద పెడతారు. పీపాలన్నీ వరసగా, పెద్దదాని పక్కన చిన్నది, దాని పక్కన ఇంకా చిన్నది. ఏడాదికోసారి అన్నిటికంటే బుల్లిదాంట్లోంచి కాస్త తీసుకుంటారు, ఆ వెలితిని పక్క పీపాతో నింపుతారు, దాని వెలితిని దాని పక్కదాంతో, అలా వెళ్ళి వెళ్ళి చివరి పెద్దదాంట్లో ఆ ఏడు కాచిన కొత్త రసం పోస్తారు. అటకే ఎందుకంటే ఎండాకాలం అక్కడ ఉడికిపోతుంది, నీరు ఆవిరై రసం చిక్కబడుతుంది, చలికాలం మళ్ళీ నెమ్మదిస్తుంది. తక్కువలో తక్కువ 12 ఏళ్ళు అలా ఉండాలి, 25 దాటితే దాని పేరే వేరు, ఎక్స్‌ట్రావెక్కియో. మోడెనాది ఎవరు తయారుచేసినా 100 మిల్లీలీటర్ల ఒకే ఆకారం బుడ్డిలో అమ్మాలి, ఆ బుడ్డి గీసింది కార్ల డిజైనర్ జోర్జెత్తో జుజారో. పూర్వం ఆడపిల్ల పుడితే ఒక వరస పీపాలు మొదలుపెట్టి పెళ్ళినాటికి కట్నంగా ఇచ్చేవారట. ఇది చదివినప్పుడు నాకు వాళ్ళు మన చుట్టాల్లాగే అనిపించారు.

ఇదంతా చదివిన ఊపులో ఉద్యోగం వచ్చిన కొత్తలో 12 ఏళ్ళ బుడ్డి ఒకటి కొన్నాను. ఎంత పెట్టి కొన్నానో మా ఆవిడకి ఇప్పటికీ చెప్పలేదు, ఇక్కడా చెప్పను. దాంట్లో సగం తీసుకెళ్ళి ఆలివ్ నూనె, మస్టర్డ్, వెల్లుల్లితో కలిపి ఊపేశాను. పన్నెండేళ్ళ రుచి వెల్లుల్లి కింద ఎక్కడ పడిపోయిందో కూడా తెలియలేదు. ఆ వెనిగర్ ఉన్నది చుక్కలు లెక్కపెట్టి వేసుకోవడానికి, పర్మేజాన్ చీజ్ ముక్క మీదో, స్ట్రాబెర్రీల మీదో, వెనిలా ఐస్‌క్రీమ్ మీదో. మిగిలిన సగం అలాగే తిన్నాం, ఐస్‌క్రీమ్ మీద అయితే అద్భుతం.

డ్రెస్సింగ్‌కి కావాల్సింది దాని తమ్ముడు. సీసా మీద నీలం, పసుపు రంగుల గుండ్రటి ముద్ర ఉంటుంది, అన్నగారిది, అంటే ఆ సంప్రదాయ బాల్సమిక్‌ది, ఎరుపు, పసుపు ముద్ర. ఈ తమ్ముడికి యూరోపియన్ యూనియన్ ఆ ముద్ర ఇచ్చింది 2009లో. ఇందులో ద్రాక్షరసమూ ఉంటుంది, వైన్ వెనిగరూ ఉంటుంది, చెక్కలో 60 రోజులు ఉంటే చాలు, పులుపు 6 శాతానికి తగ్గకూడదు. సీసా తిప్పి వెనక చదవండి. గ్రేప్ మస్ట్, అంటే ద్రాక్షరసం, అని మొదట రాసి ఉంటే తియ్యగా, కాస్త చిక్కగా ఉంటుంది. వైన్ వెనిగర్ ముందుంటే పలచగా, పుల్లగా ఉంటుంది. నేను మస్ట్ ముందున్నదే తెస్తాను. గ్లేజ్ అని రాసి ఉన్న సీసా జోలికి మాత్రం వెళ్ళకండి, అది పాకం. ఇంట్లోనే గ్లేజ్ చేసుకుందామని ఒకసారి వెనిగర్‌ని పొయ్యి మీద పెట్టి మరిగించి మీదకి వంగి వాసన చూశాను. ఎండుమిర్చి మాడినప్పుడు వచ్చే ఘాటు గుర్తుందా, దానికి అన్న లాంటిది. తలుపులు తీసి బయటికి పరిగెత్తాను.

మస్టర్డ్ రుచి కోసం మాత్రమే వేస్తారనుకునేవాణ్ణి. నూనె, వెనిగర్ ఉప్పూ నిప్పూ లాంటివి, ఎంత ఊపినా నిమిషంలో విడిపోతాయి. ఆవగింజ పొట్టులో ఉండే జిగురు ఆ నూనె బొట్లని పట్టుకుని మళ్ళీ ఒకదాంతో ఒకటి కలిసిపోకుండా ఆపుతుంది. డీజాన్ మస్టర్డ్‌కి వాడే గోధుమరంగు ఆవాలు, మన పోపులపెట్టెలో ఉండేవి ఒకే జాతి అని తెలిశాక ఒకసారి డీజాన్ అయిపోయినప్పుడు ఇంటి నుంచి వచ్చిన ఆవపిండే వేశాను. పనిచేసింది. అర టీస్పూన్ ఆవపిండిని ముందు చన్నీళ్ళతో తడిపి పది నిమిషాలు పక్కన పెట్టండి, ఘాటు అప్పుడే పుడుతుంది. నేరుగా వెనిగర్లో వేస్తే అంత ఘాటు రాదు, వేడినీళ్ళు పోస్తే అసలే రాదు.

ఆవపిండి దాకా బాగానే ఉంది గానీ ఖాళీ అయిన ఆవకాయ సీసా వాడకండి. ఎన్నిసార్లు కడిగినా, ఎండలో పెట్టినా మూత లోపలి రబ్బరు వాసన వదలదు. మా ఆవిడ పాలకూర సలాడ్ ఒక ముద్ద తిని "అన్నం పెట్టనా?" అంది.

వాడకం దగ్గర నాకు తెలిసింది రెండే ముక్కలు. ఆకు పొడిగా ఉండాలి, తడి ఆకు మీద డ్రెస్సింగ్ నిలవదు, జారి గిన్నె అడుక్కి పోతుంది. సలాడ్ స్పిన్నర్ లేకపోతే పాత కాటన్ తువ్వాల్లో మూటకట్టి గిరగిరా తిప్పండి, బాల్కనీలో అయితే ఇంకా మంచిది. రెండోది, తినబోయే ముందే కలపాలి, అది కూడా చేత్తో. గరిటెతో కలిపితే కొన్ని ఆకులకి స్నానం, కొన్నిటికి ఉపవాసం. ఇద్దరికి సరిపడా ఆకుకి రెండు టేబుల్‌స్పూన్లు చాలు, గిన్నె అడుగున మడుగు కట్టిందంటే ఎక్కువైనట్టే. ఆఫీసుకి డబ్బా కట్టేటప్పుడు నేను తిరగేసి సర్దుతాను, అడుగున డ్రెస్సింగ్, దాని మీద ఉడికించిన సెనగలు, క్యారెట్, కీరా, అన్నిటికంటే పైన ఆకులు. మధ్యాహ్నం మూతపెట్టి ఒక్కసారి బోర్లిస్తే సరి. మొదట్లో ఆకులు అడుగున పెట్టేవాణ్ణి, పన్నెండింటికి డబ్బా తెరిస్తే ఉడికిన గోంగూరలా ఉండేది.

సలాడ్‌కే కాదు, ఓవెన్లో కాల్చిన చిలగడదుంపలు, బీట్‌రూట్ బయటికి తీయగానే వేడి మీద రెండు స్పూన్లు పోస్తే భలే ఉంటుంది. చికెన్‌కి పట్టించి గ్రిల్ చేసేటట్టయితే మంట తగ్గించండి, వెనిగర్లో ఉన్న తీపి లోపల ఉడికేలోపే పైన నల్లగా మాడిపోతుంది. మెత్తటి లెట్యూస్ కంటే కాస్త చేదున్న అరుగులా దీనికి జోడీ, పైన వాల్‌నట్లు నాలుగు.

పచ్చి వెల్లుల్లి వేశాం కాబట్టి ఫ్రిజ్‌లోనే పెట్టాలి, నాలుగు రోజుల్లో అవగొట్టాలి. వారానికని చేసుకుంటే వెల్లుల్లి వెయ్యకుండా కలిపి, తినే పూట కాస్త నూరి వేసుకోండి. ఫ్రిజ్‌లో ఆలివ్ నూనె గడ్డకట్టి తెల్లగా పలుకులు పలుకులుగా అవుతుంది, భయపడకండి, పావుగంట బయట పెడితే కరుగుతుంది, మళ్ళీ ఊపాలి.

ఈ సంగతి నేను మా అమ్మకి చెప్పలేదు. పోయిన వేసవిలో ఆరు నెలలకని వచ్చింది. మొదటిసారి పెట్టినప్పుడు వేలితో అద్దుకుని నాలిక మీద వేసుకుని "ఏరా, చింతపండులో బెల్లం ఎక్కువేశావా?" అంది, కానీ మూడో రోజుకి నానబెట్టిన పెసరపప్పు, కీరా ముక్కల మీద అదే పోసుకుని తింటోంది, నేను చూడట్లేదనుకుని. ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి సీసా శుభ్రంగా తోమి బోర్లించి ఉంది. "బూజు పట్టిందిరా, తెల్లగా తేలుతోంది, పారబోశాను" అంది. అప్పటికి కలిపి ఒక్క రోజే అయింది.

డైనింగ్ హాల్లో ఫ్రిజ్‌లో పెట్టే ప్రతి డబ్బా మీదా నీలం టేపు అంటించి తారీఖు రాయడం రూలు. మర్నాడే హార్డ్‌వేర్ షాపులో అదే టేపు చుట్ట కొనుక్కొచ్చాను. ఇప్పుడు మా సీసా మీద తారీఖు ఉంటుంది, దాని కింద తెలుగులో పెద్దక్షరాలతో "అమ్మా, ఇది బూజు కాదు".