జేమ్స్‌టౌన్‌లో మంచినీళ్ళ బావి

మా అమ్మాయి నాలుగో తరగతి. వర్జీనియాలో ఆ క్లాసు పిల్లలకి ఈ రాష్ట్ర చరిత్ర ఉంటుంది. మొన్న బడి నుంచి ఒక షీటు తెచ్చుకుంది. అమెరికాలో ఇంగ్లీషువాళ్ళు నిలదొక్కుకున్న మొదటి ఊరు జేమ్స్‌టౌన్. దాని తొలి నాయకులు నలుగురు: వింగ్‌ఫీల్డ్, న్యూపోర్ట్, జాన్ స్మిత్, పెర్సీ. పక్కన మార్కులకి గళ్ళు. ఎవరికి ఎన్ని వేశావో, ఎందుకు వేశావో రాయాలి.

రేపల్లె నుంచి వచ్చి నెల్లాళ్ళుగా యాష్‌బర్న్ అపార్ట్‌మెంట్‌లో గోడలు చూస్తున్న మా నాన్నకి ఆ షీటు తెగ నచ్చింది. "కూర్చుని మార్కులేమేస్తార్రా, చూసొద్దాం పదండి" అన్నారు. వ్యవసాయ శాఖలో ముప్పై ఏళ్ళు చేసిన మనిషి. పొలం తొక్కకుండా రిపోర్టు రాస్తే ఆయనకి పడదు.

శనివారం పులిహోర కట్టుకుని బయల్దేరాం. ఐ-95 ట్రాఫిక్ గురించి చెప్పుకోవడం దండగ. విలియమ్స్‌బర్గ్ దాటి కలోనియల్ పార్క్‌వే ఎక్కాక ప్రాణం లేచొచ్చింది. రెండు పక్కలా చెట్లు, చెట్ల సందుల్లోంచి జేమ్స్ నది.

కారు ఆపి, చిత్తడి మీద వేసిన వంతెన దాటి కోట దగ్గరికి వెళ్ళాం. జూలై ఎండ, ఉక్క, పైగా దోమలు. నాన్న బోర్డులవైపు చూడనైనా చూడలేదు. తిన్నగా నది ఒడ్డుకి వెళ్ళి, వేలు ముంచి నాలిక్కి రాసుకున్నారు.

"ఉప్పదనం ఉందిరా. మన నిజాంపట్నం కాలవలా ఉంది. ఇక్కడ ఊరు కట్టమన్న బుద్ధిమంతుడెవడు?"

ఆ ప్రశ్న న్యాయమైనదే. పల్లపు నేలలో, తేమ నేలలో ఊరు పెట్టొద్దని వలసవాళ్ళని పంపిన లండన్‌లోని వర్జీనియా కంపెనీ ముందే రాసిచ్చింది. అయినా 1607 మే నెలలో 104 మంది ఇక్కడే దిగారు. ఒడ్డు పక్కనే లోతుండటంతో ఓడలు చెట్లకే కట్టేసుకోవచ్చు. పైగా స్పెయిన్ వాళ్ళ భయం ఒకటి, సముద్రానికి దూరంగా లోపలికి ఉండాలి. ఓడల సౌకర్యం చూసుకున్నారు, మనుషులు తాగేదేమిటో చూసుకోలేదు. పోటు మీద ఉప్పు, పాటు మీద బురదా మురికీ, అవే తాగామని పెర్సీయే రాసిపెట్టాడు. ఆకలీ జబ్బులూ కలిసి, జనవరికల్లా మిగిలింది 38 మంది.

నాయకుల్ని ఎంచుకున్న పద్ధతి ఇంకా తమాషా. పాలకమండలి పేర్లు సీలు వేసిన పెట్టెలో పెట్టి, దిగాక తెరవమన్నారు. తిరుగుబాటు చేయబోయాడని దారిలో స్మిత్‌ని నిర్బంధించారు. తీరా పెట్టె తెరిస్తే అందులో అతని పేరూ ఉంది! అయినా కొన్ని వారాలు మండలిలోకి రానివ్వలేదు. మొదటి అధ్యక్షుడు వింగ్‌ఫీల్డ్, పెద్దింటి మనిషి. తిండి దాచుకున్నాడని నాలుగు నెలలకే దించేశారు. మా అమ్మాయి అతనికి రెండు మార్కులేసి ముందుకి నడిచింది.

న్యూపోర్ట్ మంచి ఓడ నాయకుడు. నేల మీద మాత్రం ఆ తెలివి కనబడదు. మెరిసే మట్టిని బంగారమనుకుని ఓడకెత్తించుకుపోయాడు. 1608లో కంపెనీ చెప్పిందని ముప్పై దాకా స్థానిక తెగలకి పెద్ద అయిన పౌహాటన్‌కి కిరీటం పెట్టడానికి మంచం, ఎర్ర అంగీ పట్టుకెళ్ళాడు. ఆయన మోకాళ్ళ మీద కూర్చోనన్నాడు. చివరికి భుజాలు నొక్కి కాస్త వంగదీసి, నెత్తిన పెట్టేశారు. బదులుగా ఆయన న్యూపోర్ట్‌కి తన పాత చెప్పులూ, కప్పుకునే చర్మమూ ఇచ్చాడు.

"పాత చెప్పులా?" నాన్న నవ్వు ఆపుకోలేకపోయారు. "ఆ పెద్దాయన పేరేదమ్మా నీ షీట్లో?"

లేదు. గళ్ళు నాలుగే.

స్మిత్ దగ్గరే మాకు పేచీ వచ్చింది. రైతు కొడుకు, సైనికుడు. 1608 సెప్టెంబరులో అధ్యక్షుడయ్యాక, పని చెయ్యనివాడికి తిండి లేదన్నాడు. దొరబాబుల చేత కూడా చెట్లు కొట్టించాడు. కోటలోపల మంచినీళ్ళ బావి తవ్వించాడు.

"ఎప్పుడూ?" అన్నారు నాన్న.

"1609లో."

"అంటే వచ్చిన రెండేళ్ళకి. ఆ నలుగురిలో ఇతనొక్కడే నాయకుడు, పది వెయ్యి తల్లీ."

నేను ఒప్పుకోలేదు. స్మిత్ గొప్పలు మనకి తెలిసింది చాలామటుకు స్మిత్, అతని మిత్రులు రాసుకున్న రాతల్లోంచే. పైగా గింజల కోసం పౌహాటన్ తమ్ముడి జుట్టు పట్టుకుని తుపాకీ పెట్టినవాడు. చెట్ల వలయాలు లెక్కేసి చూస్తే 1606 నుంచి 1612 దాకా ఇక్కడ 770 ఏళ్ళలో ఎరగనంత అనావృష్టి. అంటే వీళ్ళు లాక్కున్నది కరువులో ఉన్నవాళ్ళ గింజలు. ఇది విని నాన్న చాలాసేపు మాట్లాడలేదు. అనంతపురంలో నాలుగేళ్ళు పనిచేశారాయన.

1609 శరత్కాలంలో మందుగుండు అంటుకుని ఒళ్ళు కాలి స్మిత్ ఇంగ్లండ్ వెళ్ళిపోయాడు. జబ్బుమనిషి పెర్సీ చేతికి పెత్తనం వచ్చింది. ఆ చలికాలం గడిచేసరికి ఇంచుమించు మూడు వందల మందిలో అరవై మంది మిగిలారు. గుర్రాల్ని, కుక్కల్ని తిన్నారు. 2012లో తవ్వకాల్లో దొరికిన పద్నాలుగేళ్ళ పిల్ల పుర్రె మీద కత్తి గాట్లున్నాయి. ఆ పుర్రె ఉన్న మ్యూజియం గది దగ్గర మా అమ్మాయిని బయటే ఉంచుదామనుకున్నాను. "నాకు తెలుసు నాన్నా, క్లాసులో చెప్పారు" అని నాకంటే ముందు లోపలికెళ్ళింది. చూసొచ్చాక పెర్సీ గడి ఖాళీగా వదిలేసింది. జబ్బుతో ఉన్నవాడికి ఎలా వెయ్యాలో తెలియలేదంది.

నాన్నకి ఆ బావి చూడాలని ఒకటే పట్టు. స్మిత్ తవ్వించిందే అనుకుంటున్న బావి పురావస్తు తవ్వకాలవాళ్ళకి దొరికింది. కొన్నాళ్ళకే అది పాడుపడి చెత్తకుండీ అయింది. ఆ చెత్తలోంచే 2009లో ఒక పలక బయటపడింది. మనుషులు, చెట్లు, పిట్టలు, ఏవో అక్షరాలు, అన్నీ ఒకదాని మీద ఒకటి గీసి ఉన్నాయి.

తిరుగు ప్రయాణంలో నాన్న నిద్రపోయారు. వెనక సీట్లో రబ్బరు చప్పుడు వినబడుతోంది. అద్దంలో చూశాను. స్మిత్ గడిలో చెరిపి చెరిపి కాగితం చిరుగు పట్టింది. కింద పెన్సిల్‌తో ఐదో గడి గీసి ఉంది.