గడ్డి చెప్పుల కనుమ దాటి

జపాన్‌లోని కీయి-తనాబె స్టేషన్‌లో ఎక్కిన బస్సు తకిజిరిలో దించేసరికి ఉదయం తొమ్మిదిన్నర. నవంబరు చలి. నాతో దిగిన నలుగురూ చిన్న గుడి ముందు తల వంచి, రెండు చప్పట్లు కొట్టి అడవిలోకి వెళ్లిపోయారు. నేను ముద్రల పుస్తకం తీశాను.

కుమానోలోని మూడు పుణ్యక్షేత్రాలకు కీయి ద్వీపకల్పపు కొండల మీదుగా వెళ్లే పాత కాలిబాటల్లో నకహెచి ఒకటి. ఒకప్పుడు క్యోటో నుంచి సింహాసనం వదిలిన చక్రవర్తులు పరివారంతో నడిచి వచ్చిన దారి. 2004లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. తకిజిరి నుంచి ఆ మూడింటిలో ఒకటైన హొంగు గుడి దాకా సుమారు 38 కిలోమీటర్లు. నా దగ్గరున్నది రెండు రోజులు. దారిలో ‘ఓజి’ అనే చిన్న గుళ్లు వస్తాయి. కొన్ని చోట్ల గుడి పోయి రాయే మిగిలింది. పక్కనే పిచ్చుక గూడంత చెక్క పెట్టె, అందులో ముద్ర, సిరా. ఎవరికి వారే కొట్టుకోవాలి. నా మొదటి ముద్ర తలకిందులుగా పడింది.

కాస్త పైన బండల మధ్య ‘తైనై-కుగురి’ అనే బిలం ఉంది. గర్భంలోంచి దూరడమని అర్థం. ఆడవాళ్లు దూరితే కాన్పు సులువవుతుందని నమ్మకం. నాకా అవసరం లేకపోయినా దూరాను. సగంలో వీపు మీది సంచి ఇరుక్కుంది. వెనక్కి వచ్చి, సంచి విప్పి ముందుకు తోసి, దాని వెనకే పాకుతూ బయటపడేసరికి మోచేతులు చెక్కుకుపోయాయి. పక్కనే మామూలు దారి ఉందని అప్పుడు చూశాను.

అలిపిరి మెట్లెక్కిన కాళ్లు కదా అని ధీమాగా వచ్చినవాణ్ణి. అక్కడ నెత్తిన కప్పు, చుట్టూ గోవింద నామాలు, ముందు మనిషి వీపు చూస్తూ ఎక్కేయవచ్చు. ఇక్కడ మెట్లన్నవి చాలాచోట్ల దేవదారు లాంటి సుగి చెట్ల వేళ్లే. వినిపించేది నా ఆయాసం, ఎలుగుబంట్ల కోసం సంచికి కట్టిన గంట. అరకిలోమీటరుకొకటి చొప్పున అంకె వేసిన గుంజలుంటాయి. వాటిని లెక్కపెట్టడం మొదలుపెట్టాక అడవిని చూడడం మానేశాను. తప్పు నాదే.

ఆ లెక్కను ఆపింది ఒక అంగడి. అంగడంటే ఇంటి గోడవారగా ఒక చెక్క అర, డబ్బులు వేసే డబ్బా. మనిషి లేడు. ఉప్పులో ఊరవేసి ఎండబెట్టిన ఉమెబోషి పండ్ల పొట్లాలు రెండు మిగిలున్నాయి. ఈ పండు పంటలో ఈ కొండలున్న వాకయామా ప్రాంతానిదే జపాన్‌లో పైచేయి. వంద యెన్ల నాణెం వేసి, ఒక పండు నోట్లో పెట్టుకున్నాను. ఎడమ కన్ను దానంతటదే మూసుకుపోయింది. మన ఊరగాయలో కారం, నూనె తీసేసి పులుపునూ ఉప్పునూ మాత్రమే వదిలినట్టుంది. రెండోది తినడానికి ధైర్యం చాలక పొట్లం సంచిలో పడేశాను.

రాత్రి చికత్సుయు అనే ఊళ్లో పడుకుని, తెల్లవారకముందే లేచాను. మిగిలింది 25 కిలోమీటర్లు, మూడు కనుమలు. మొదటిది వరాజి, అంటే గడ్డి చెప్పులు. యాత్రికులు అరిగినవి విడిచి కొత్తవి తొడుక్కునే చోటట. నా బూట్లకు ఆ భాగ్యం లేదు. దిగుడులో కుడి బొటనవేలి గోరు నల్లబడింది. ఆపైన 2011 తుఫానుకు కొండచరియలు విరిగిన చోట చుట్టుదారి, దాంట్లోనూ ఎక్కుడే.

హొష్షిన్‌మొన్ దాటాక దారి మెత్తబడి, తేయాకు మళ్ల మధ్యకు, ఊళ్లలోకి వచ్చింది. ఫుషిఒగామి అనే చోట పాతకాలపు యాత్రికులు మొదటిసారి హొంగును చూసి సాగిలపడేవారట. పేరుకు అర్థమూ అదే. నేను వంగలేదు, వంగితే లేవలేను. హొంగు చేరేసరికి చీకటి పడింది, గుడి మూసేశారు.

మర్నాడు చూశాను. 1889 వరదలో నదీతీరాన చాలా మండపాలు కొట్టుకుపోతే, మిగిలినవాటిని గుట్ట మీదికి తరలించారు. పాత స్థలంలో ఇప్పుడు దాదాపు 34 మీటర్ల ఎత్తున తోరణ ద్వారం ఉంది. నాకు మాత్రం గుడి దగ్గరి నల్లటి తపాలా పెట్టె నచ్చింది. దాని నెత్తిన మూడు కాళ్ల కాకి, కుమానో దేవతల దూత.

అక్కణ్ణుంచి యునొమినె అనే ఊరికి. వాగు ఒడ్డున కుతకుతలాడే వేడినీటి ఊట ఉంది. దుకాణంలో వల సంచీలో గుడ్లు అమ్ముతారు. అందులో వేలాడదీసి పన్నెండు నిమిషాలు కూర్చున్నాను, బూట్లు విప్పేసి. గుడ్డు ఒలిచాక ఉప్పు లేదని గుర్తొచ్చింది. సంచి అడుగున చెయ్యి పెడితే ఉమెబోషి పొట్లం తగిలింది. సగం పండు, సగం గుడ్డు. ఈసారి రెండు కళ్లూ తెరిచే ఉన్నాయి.