బస్తా కుట్టు విప్పకుండా తేమ తెలియాలంటే ఎవరిని అడగాలి?

మార్చి నెలలో గుంటూరు చుట్టుపక్కల ఏ కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర నిలబడినా ఇదే కనిపిస్తుంది. లారీ నుంచి దించిన మిర్చి బస్తా కుట్టు కాస్త విప్పుతారు. లోపలికి చెయ్యి పోనిచ్చి గుప్పెడు కాయలు తీసి, చెవి దగ్గర పెట్టి ఆడిస్తారు. గింజ గలగలమంటే సరుకు ఆరినట్టు. చప్పుడు లేకుండా మెత్తగా వంగితే తేమ ఉన్నట్టు. అనుభవమున్న చెయ్యి సామాన్యంగా తప్పు చెప్పదు. కాకపోతే అది పైన ఉన్న కాయలనే చూస్తుంది, బస్తా నడుమ ఏముందో దానికి తెలియదు. సరిగా ఆరని సరుకుకు నిల్వలో బూజు పడుతుంది, ఆ బూజుల్లో కొన్ని అఫ్లటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తాయి. యూరప్ వెళ్ళే మిర్చిలో అఫ్లటాక్సిన్ బి1 కిలోకు 5 మైక్రోగ్రాములు, అన్ని రకాలూ కలిపి 10 మైక్రోగ్రాములు దాటకూడదు. అలాగని మరీ ఎండబెడితే కాయ విరిగి గింజ రాలుతుంది, తూకం పోతుంది.

కుట్టు విప్పకుండా లోపలి తేమ చెప్పే సాధనం కావాలని ఒక కోల్డ్ స్టోరేజీ అనుకుందనుకోండి. తెలిసిన ఇంజినీర్లను అడిగారు, పని కాలేదు. అప్పుడు మిగిలే దారుల్లో ఒకటి క్రౌడ్‌సోర్సింగ్. సమస్యనూ బహుమతినీ ఆన్‌లైన్‌లో పెట్టి, ముఖపరిచయం లేనివాళ్ళ నుంచి పరిష్కారం తీసుకోవడం. ఈ మాటను 2006లో జెఫ్ హౌ అనే పాత్రికేయుడు వాడుకలోకి తెచ్చాడు కానీ పని అంతకు ముందే మొదలైంది. మందుల కంపెనీ ఎలీ లిల్లీ చొరవతో 2001లో ఇలాంటి సమస్యలు పెట్టే వేదిక ఇన్నోసెంటివ్ వచ్చింది. డేటా సమస్యల కోసం 2010లో కాగుల్ వచ్చింది.

బయటివాళ్ళకు మన సమస్య ఏం తెలుస్తుందన్న అనుమానం సహజం. సముద్రంలో ఒలికిన చమురును ఎత్తే పని మీద పరిశోధించే అలాస్కాలోని ఒక సంస్థకు చలిలో చిక్కబడిన చమురు, నీరు కలిసిన ముద్దను పంపుతో తోడటం సాధ్యం కాలేదు. ఆ సమస్యను ఇన్నోసెంటివ్‌లో పెడితే, 2007లో దానికి దారి చూపింది చమురు నిపుణుడు కాదు, జాన్ డేవిస్ అనే రసాయన శాస్త్రవేత్త. కాంక్రీటు గట్టిపడకుండా వైబ్రేటర్‌తో కదిలించడం ఆయన చూసి ఉన్నాడు, అదే ఉపాయం చెప్పాడు, 20,000 డాలర్లు అందుకున్నాడు. విజయవాడలో స్లాబు వేసే ఏ మేస్త్రీకైనా ఆ వైబ్రేటర్ తెలుసు. ఆ సమస్య మాత్రం ఏ మేస్త్రీ దగ్గరికీ వెళ్ళలేదు.

కాబట్టి అసలు పని సమస్యను రాయడంలో ఉంది. అందరూ తొందరపడేది కూడా అక్కడే. "మిర్చి తేమ కొలిచే చౌకైన పరికరం కావాలి" అని రాస్తే వంద జవాబులు వస్తాయి, తొంభై పనికిరావు. తప్పు జవాబులు పంపినవాళ్ళది కాదు. చౌక అంటే వెయ్యా, లక్షా? వాళ్ళకెలా తెలుస్తుంది? ఇలా రాయాలి: "45 కిలోల గోనె బస్తా. కుట్టు విప్పకూడదు, బస్తా కోయకూడదు. బస్తాకు 20 సెకన్లు మించకూడదు. 8 నుంచి 18 శాతం వరకు తేమ చెప్పాలి, ల్యాబ్ విలువతో తేడా ఒక శాతం లోపు ఉండాలి. వాడే చోట ఎండ, మిర్చి ఘాటు, ధూళి ఉంటాయి, కరెంటు పోతుంది. వాడేది హమాలీ. తయారీ ఖర్చు 25,000 రూపాయలు దాటకూడదు."

దాని కింద, ఇప్పటికే చేసి చూసి వదిలేసినవి కారణాలతో సహా రాయాలి. ఈ భాగం లేకపోతే సగంమంది ధాన్యానికి వాడే మీటరే తెచ్చిస్తారు. సరుకులో కరెంటు ఎలా పారుతుందో లాంటి విద్యుత్ గుణాలను బట్టి తేమ చెప్పే ఆ మీటరు మిర్చి దగ్గర తడబడుతుంది. మిర్చికాయ లోపల డొల్ల, గాలి ఎక్కువ. బస్తాను ఎంత నొక్కి కుట్టారన్న దాన్ని బట్టి రీడింగు మారుతుంది. కోల్డ్ నుంచి బయటికి తీసిన బస్తా మీద చెమ్మ చేరుతుంది, అప్పుడు కొలిస్తే లోపల పొడిగా ఉన్నా మీటరు తడి అంటుంది. ఈ రెండు సంగతులు రాయడానికి ఐదు నిమిషాలు చాలు. రాయకపోతే పరిష్కరించేవాడి రెండు నెలలు పోతాయి.

ల్యాబ్ విలువ ఏ పద్ధతిలో వచ్చిందో కూడా ముందే చెప్పాలి. మిర్చిని మామూలు ఓవెన్‌లో ఆరబెట్టి తూస్తే నీటితో పాటు ఆవిరయ్యే ఇతర పదార్థాలూ పోతాయి, తేమ ఎక్కువగా కనిపిస్తుంది. సుగంధ ద్రవ్యాలకు టొలుయిన్‌తో మరిగించి నీటిని వేరుచేసి కొలిచే ఐఎస్ఓ 939 పద్ధతి అందుకే ఉంది. మీరు ఒక పద్ధతి, పోటీదారు ఇంకో పద్ధతి వాడితే ఒక శాతం తేడా గురించి మాట్లాడుకోవడంలో అర్థమే లేదు.

పోటీదారులకు మిర్చి నమూనాలు పంపేటప్పుడు తేజ, 334 రకాలు రెండూ కలపండి. ఒకటి సన్నకాయ, ఒకటి పెద్దది. పలచటి పాలిథిన్‌లో పంపితే దారిలోనే తేమ మారుతుంది. అల్యూమినియం పొర ఉన్న పౌచ్‌లో సీలు చేసి, పంపే ముందూ చేరిన తర్వాతా తూకం వేయించండి.

సెన్సర్ రీడింగులు ఇచ్చి "దీన్ని బట్టి తేమ చెప్పండి" అనే డేటా పోటీలో ఒక పొరపాటు మళ్ళీ మళ్ళీ జరుగుతుంది. ఒక రైతు తెచ్చిన 40 బస్తాలు ఒకే కళ్ళంలో ఆరినవి, తేమ దాదాపు ఒకటే. ఆ నలభైలో 30 కంప్యూటర్ మోడల్‌కు నేర్పడానికీ, 10 అది నేర్చుకుందో లేదో చూసే పరీక్షకూ వెళ్ళాయంటే మోడల్ తేమను నేర్చుకోదు, ఆ రైతు సరుకును గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. పోటీలో అద్భుతంగా కనిపించి, మరుసటి వారం కొత్త లారీ రాగానే చతికిలబడుతుంది. విడదీయాల్సింది లాటు వారీగా (ఒక రైతు తెచ్చిన సరుకంతా ఒక లాటు), బస్తా వారీగా కాదు. పరీక్ష లాట్లలో కొన్నిటిని చివరి రోజు దాకా ఎవరికీ చూపకూడదు. రోజుకు రెండు మూడు సార్లకు మించి స్కోరు చూసుకోనిస్తే, ఆ స్కోరుకే మోడల్‌ను సర్దేస్తారు.

తీర్పు ఎలా ఇస్తారో పోటీ తెరవకముందే రాసిపెట్టాలి. ఇందులో నాకు పట్టుదల ఎక్కువ, ఎందుకంటే ఇక్కడ జరిగే అన్యాయం కొత్తది కాదు. సముద్రం మీద రేఖాంశం కనుక్కున్నవాళ్ళకు 20,000 పౌండ్ల దాకా ఇస్తామని బ్రిటిష్ పార్లమెంటు 1714లో ప్రకటించింది. వడ్రంగిగా మొదలై గడియారాలు చేసిన జాన్ హారిసన్ ఆ పని చేసి చూపించాడు. తీర్పు చెప్పాల్సిన బోర్డు కొత్త షరతులు పెడుతూ పోయింది. చివరికి 1773లో పార్లమెంటే కలగజేసుకోవాల్సి వచ్చింది, అప్పటికి ఆయనకు ఎనభై. నియమాలకు సరిపోయిన జవాబు వచ్చాక నియమం మార్చే హక్కు మీకు లేదు. అలాగే నడిపే ఖర్చు కూడా మార్కుల్లోకి రావాలి. నెట్‌ఫ్లిక్స్ 2009లో పది లక్షల డాలర్లు ఇచ్చి గెలిపించిన పద్ధతిని, అమలు చేసే శ్రమ ఎక్కువని పూర్తిగా వాడుకోనేలేదు.

డబ్బు విషయం. పనిచేసే నమూనా తయారుచేయడానికి 30,000 ఖర్చయ్యే చోట ఒక్కరికే 50,000 బహుమతి పెడితే అనుభవమున్నవాడు రాడు. రెండు దశలు పెట్టండి. మొదట కాగితం మీద డిజైన్ మాత్రమే అడగండి. అందులో ఎనిమిది మందిని ఎంచి తలా 15,000 సామాను ఖర్చు ఇవ్వండి. పెద్ద బహుమతి రెండో దశకు ఉంచండి. సమస్య రాయడానికి మూడు వారాలు, తెరిచి ఉంచడానికి 60 నుంచి 90 రోజులు, పరిశీలనకు నెల. మొదటి పది రోజుల్లో వచ్చే ప్రశ్నలు మీ రాతలోని లోపాలను బయటపెడతాయి. ఒక్కరికి చెప్పిన జవాబు అందరికీ కనబడాలి. ఇంత చేసినా జవాబు దొరకకపోవచ్చు. 166 సమస్యలను పరిశీలించిన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో పరిష్కారం దొరికినవి 29.5 శాతమే. అవన్నీ ఆయా కంపెనీల సొంత ల్యాబుల్లో తేలకుండా మిగిలినవన్నది కూడా మరవకూడదు.

పరిష్కరించేవాళ్ళు ముందుగా చదవాల్సింది హక్కుల పేరా. "పంపిన ప్రతి ఆలోచనా నిర్వాహకులదే" అని ఉంటే, గెలవకపోయినా మీది పోతుంది. హక్కు గెలిచినవాడి నుంచి మాత్రమే, డబ్బు ఇచ్చిన తర్వాతే బదిలీ కావాలి. కొత్త పరికరమైతే పంపకముందే ప్రొవిజనల్ పేటెంట్ దరఖాస్తు వేసుకోండి, పూర్తి వివరాలకు 12 నెలల గడువుంటుంది. అందరి ముందూ చూపించేశాక వేస్తే కొత్తదనం పోయిందని తోసిపుచ్చవచ్చు. కోడ్, డిజైన్ లాంటి వాటి కాపీరైట్ రాతపూర్వకంగా సంతకంతోనే బదిలీ అవుతుంది. ఎన్నేళ్ళకో రాయకపోతే చట్టం ప్రకారం ఐదేళ్ళకే. సంస్థలు కూడా ఈ మాట గుర్తుంచుకుంటే తర్వాత గొడవ ఉండదు.

అన్నిటికీ ఇది పనికిరాదు. కన్వేయర్ బెల్టు జారుతుంటే పోటీ పెట్టక్కర్లేదు, ఆటోనగర్‌లో ఒక షెడ్డుకు తీసుకెళ్తే సాయంత్రానికి సరిచేస్తారు. మీ వ్యాపార రహస్యం చెప్పకుండా సమస్యే చెప్పలేని చోట కూడా వద్దు.

ఆటోనగర్ అన్నాను కాబట్టి ఒక మాట. లేత్ మీద ఇరవై ఏళ్ళు పనిచేసిన మనిషి ఇంగ్లీషులో ఉన్న పన్నెండు పేజీల నోటిఫికేషన్ తెరవడు. అదే సమస్యను తెలుగులో ఒక పేజీ రాసి, బస్తా ఫోటో, కొలతలు పెట్టి, జవాబు వాట్సాప్ వాయిస్‌లో పంపినా తీసుకుంటామని చెప్పి, సామాన్ల షాపుల గోడల మీద అంటించండి. అలా వచ్చిన జవాబులను కాగితం మీదికి ఎక్కించడానికి ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలిద్దరిని పెట్టుకుంటే సరిపోతుంది. బహుమతి మాత్రం జవాబు చెప్పినవాడి పేరు మీదే రాయాలి.