ముందు కాగితం, తర్వాతే రంగులు

స్కెచ్‌బుక్కు మొదలుపెట్టేవాళ్ళు చేతిలో డబ్బంతా రంగుల మీద పెట్టేసి, మిగిలిన చిల్లరతో ఏ పుస్తకం దొరికితే అది కొంటారు. చేయాల్సింది దానికి తలకిందులుగా. నాసిరకం కాగితం మీద తడి కుంచె రెండోసారి తిప్పగానే పైపొర పీచు లేచి ఉండలు కడుతుంది. అక్కడ ఎంత ఖరీదైన రంగైనా మురికిగానే కనబడుతుంది. మంచి కాగితం మీద మామూలు బాల్‌పెన్ను గీత కూడా అందంగా నిలుస్తుంది.

కొనేటప్పుడు జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో చూడండి. జిరాక్స్ కాగితం 70–80 ఉంటుంది, పెన్సిలుకూ బాల్‌పెన్నుకూ సరి. 150 కార్ట్రిడ్జ్ కాగితం (బొమ్మలకు వాడే మందపాటి కాగితం) ఒక పల్చటి రంగు పూతను ఓర్చుకుంటుంది. తడి మీద తడి, అంటే ఆరని పూత మీదే ఇంకో రంగు వేయాలంటే 200 దాటాలి. 300 అయితే ఉబ్బినా ఆరాక చాలావరకు సర్దుకుంటుంది. సైజు ఏ5 (ఏ4లో సగం) చాలు, బస్టాండులో నిలబడి ఎడమచేత్తో పట్టుకోవచ్చు.

అసలు పుస్తకం మీరే కట్టుకుంటే ఇంకా మేలు. 22×30 అంగుళాల కార్ట్రిడ్జ్ షీట్లు మూడు తీసుకోండి. కాగితంలో పీచు ఒక దిక్కుగా పరుచుకుని ఉంటుంది. షీటును రెండు వైపులా మెల్లగా వంచి చూడండి. ఏ మడత తేలిగ్గా వంగుతుందో ఆ మడత గీత వెంబడే పీచు ఉన్నట్టు. పుస్తకం మడత దానికి సమాంతరంగా రావాలి. లేకపోతే పేజీ పూర్తిగా పరుచుకోదు, మడత దగ్గర పగులుతుంది. పీచు 30 అంగుళాల వైపు సాగితే షీటును 11×7.5 అంగుళాల ముక్కలుగా కోసి మడవండి, నిలువు పుస్తకం వస్తుంది. 22 అంగుళాల వైపు సాగితే 15×5.5 ముక్కలు కోయండి, అడ్డం పుస్తకం వస్తుంది. ఎలా కోసినా షీటుకు ఎనిమిది ముక్కలు. నాలుగు ముక్కలు ఒకదానిలో ఒకటి పెడితే 16 పేజీల ఫారం. మొత్తం ఆరు ఫారాలు, 96 పేజీలు. బైండింగ్ షాపులో ఇస్తే మడత మధ్యలోనే కుట్టమని గట్టిగా చెప్పండి. పక్క కుట్టు వేశారంటే పుస్తకం సగమే తెరుచుకుంటుంది.

పెన్సిళ్ళలో హెచ్‌బీ, 2బీ చాలు. 6బీ నల్లగా బాగుంటుంది కానీ సంచిలో రాసుకుని ఎదురు పేజీకి అంటుకుంటుంది. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్ళు బట్ట మీద మొదటి గీతకు చింతబొగ్గు వాడేది అది దులిపితే పోతుందనే. అదే గుణం వల్ల స్కెచ్‌బుక్కుకు అది పనికిరాదు. వాళ్ళ వెదురు కలం మాత్రం ప్రయత్నించి తీరాల్సిందే. మొన చెక్కి, దాని పైన గుడ్డ చుడతారు. గుడ్డ ఇంకు పీల్చుకుని, వేలితో నొక్కిన కొద్దీ వదులుతుంది.

పెన్ను గీత మీద రంగు వేసే ఉద్దేశం ఉంటే ముందు పరీక్ష చేయండి. చివరి పేజీలో గీత గీసి, ఐదు నిమిషాలాగి, తడి కుంచెతో రుద్దండి. జెల్ పెన్నుల్లో చాలా వరకు కారిపోతాయి. పిగ్మెంట్ ఇంకు (నీళ్ళలో కరగని రంగుపొడి ఉన్న ఇంకు) పెన్నులు నిలుస్తాయి. గరుకు కాగితానికి 0.1 మొన త్వరగా అరిగిపోతుంది కాబట్టి 0.3 తీసుకోండి. ఫౌంటెన్ పెన్నులో ఇండియన్ ఇంకు ఎప్పుడూ పోయొద్దు, అందులోని లక్క గడ్డకట్టి పెన్ను పాడవుతుంది.

నీటిరంగులు ఐదు సరిపోతాయి: లెమన్ యెల్లో, యెల్లో ఓకర్ (మట్టి పసుపు), క్రిమ్సన్ (ముదురు ఎరుపు), బర్న్ట్ సియన్నా (ఎర్రటి గోధుమ), అల్ట్రామెరైన్ (ముదురు నీలం). నలుపు అక్కర్లేదు. బర్న్ట్ సియన్నాలో అల్ట్రామెరైన్ కలిపితే గుడి రాతి నీడ దిగుతుంది. శేషాచలం కొండ ఎర్రరాతికి బర్న్ట్ సియన్నా, ఓకర్ చాలు. ట్యూబు రంగును చిన్న గిన్నెల్లో పోసి ఆరబెడితే బిళ్ళలవుతాయి. ఒకేసారి నింపితే ఎండి పగులుతుంది, మూడు విడతల్లో పోయండి. చవక రంగు తిరిగి తడవకపోతే ఒక్క చుక్క గ్లిజరిన్ కలపండి. ఎక్కువైతే జిగురుగానే ఉండిపోతుంది.

తిరుపతి గోవిందరాజస్వామి గుడి ఏడంతస్తుల గోపురం వేసేటప్పుడు ముందు నిలువు మధ్యగీత, తర్వాత రెండు పక్కల వాలు, ఆ తర్వాతే అంతస్తులు. పైకి పోయేకొద్దీ అంతస్తు వెడల్పే కాదు, ఎత్తూ తగ్గుతుంది. అన్నీ సమానంగా కొలిస్తే పెట్టెలు పేర్చినట్టు ఉంటుంది. బొమ్మలన్నీ వేయాలని కూర్చోవద్దు. ఒక అంతస్తులో రెండు బొమ్మలు పూర్తిగా వేసి, మిగతావి నీడ మచ్చలతో వదిలేయండి. నీడలు మొదటి ఐదు నిమిషాల్లోనే గుర్తుపెట్టుకోండి, అంచున ఎండ వచ్చే దిక్కుకు బాణం గీయండి.

ఎండాకాలం చంద్రగిరి కోట ముందు రంగు వేస్తే కుంచె పేజీ చివరికి చేరేలోపు మొదలు ఆరిపోయి గట్టి అంచు పడుతుంది. కాగితం ముందే తడపండి, నీడలోనే కూర్చోండి. ఎండలో తెల్ల కాగితం కళ్ళు చెదరగొడుతుంది, రంగు ఎంత ముదిరిందో తెలియదు. నీళ్ళ కుంచె (పిడిలోనే నీళ్ళు నింపుకునేది) పట్టుకుని తిరుమల కొండకు బస్సెక్కితే పూర్తిగా నింపండి, లేదా ఖాళీ చేయండి. సగం ఉంటే పైకెళ్ళేకొద్దీ లోపలి గాలి వ్యాకోచించి నీళ్ళను బయటికి తోస్తుంది.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, వాయుగుండం పట్టిన రోజుల్లో, రంగుల డబ్బా తడిగా మూయకండి. రాత్రంతా తెరిచి ఫ్యాను కింద పెట్టండి. బిళ్ళ మీద బూజు కనబడితే పైపొర గీకి పారేయండి. లోపలికి దిగిందనిపిస్తే బిళ్ళనే తీసేయండి, పక్క రంగులకూ పాకుతుంది.