పొద్దున్నే ఉబ్బే కళ్లు

పొద్దున్నే కళ్లు ఉబ్బుతున్నాయని వెళితే, "నిద్ర చాలట్లేదమ్మా, ఫోన్ చూడడం తగ్గించండి" అన్నారు మొదట చూసిన డాక్టరుగారు. అలర్జీ మాత్ర రాశారు, యూరిన్ పరీక్ష రాయలేదు. భయం తీరింది గానీ ఆ మాట మీద కోపం ఇంకా తీరలేదు. మూత్రంలో ప్రొటీన్ పోతోందేమో స్ట్రిప్ ముంచి చూడడానికి నిమిషం చాలు.

దురద ఉంటే అలర్జీ అనుకోవచ్చు. నాకు దురదా లేదు, నొప్పీ లేదు, ఎరుపూ లేదు. రెండు కళ్లూ సమానంగా ఉబ్బేవి. పొద్దున రెప్పలు విడేవి కావు. సాయంత్రానికి వాపు చీలమండలకు దిగేది, వేలితో నొక్కితే గుంట పడేది. కనురెప్పల చర్మం చాలా పలచన, కింది కణజాలం వదులు. అందుకే పడుకున్నప్పుడు నీరు అక్కడ చేరుతుంది, లేచి తిరిగితే కాళ్లకు దిగుతుంది. రక్తంలో నీటిని పట్టి ఉంచే అల్బుమిన్ అనే ప్రొటీన్ మూత్రంలో పోతూ, కిడ్నీలు ఉప్పును బయటికి వదలకపోతే ఇలా అవుతుంది. మూత్రంలో నురగ ఎంతకీ కరగకపోవడం ఇంకో గుర్తు.

24 గంటల మూత్రంలో ప్రొటీన్ 8 గ్రాములు. మామూలుగా 0.15 గ్రాముల లోపే ఉండాలి, 3.5 దాటితే చాలా ఎక్కువ కింద లెక్క. రక్తంలో అల్బుమిన్ డెసిలీటరుకు 1.7 గ్రాములే. కిడ్నీ బయాప్సీలో మినిమల్ చేంజ్ డిసీజ్ అని తేలింది, అంటే కిడ్నీ వడపోత దెబ్బతిని ప్రొటీన్ మూత్రంలోకి కారిపోయే జబ్బు.

వార్డులో ఒక రాత్రి ఎడమ పిక్క బిగుసుకుని నొప్పి మొదలైంది. రెండు కాళ్లూ ఉబ్బే ఉన్నాయి కాబట్టి అందరూ నీరే అనుకున్నారు. నైట్ డ్యూటీ సిస్టర్ మాత్రం టేపు తెచ్చి, మోకాలి కింద ఒకే దూరంలో రెండు పిక్కలూ కొలిచింది. ఎడమది 3 సెంటీమీటర్లు ఎక్కువ. వెంటనే డాక్టరును లేపింది. అల్బుమిన్‌తో పాటు రక్తాన్ని గడ్డకట్టనివ్వని ప్రొటీన్లు కూడా మూత్రంలో పోతాయట. కాలిలో కట్టిన గడ్డ ఊడి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికొస్తుంది. తెల్లారేదాకా ఊపిరి అందుతోందా లేదా అని చూసుకుంటూనే ఉన్నాను. రక్తనాళాలు చూసే డాప్లర్ స్కాన్‌లో గడ్డ కనబడింది, రక్తం పలచబడే ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఆ తల్లి చేతిలోని టేపే నన్ను బతికించింది. అలర్జీ మాత్రతో పోగొట్టిన వారాలకు ఎవరు జవాబు చెబుతారు?

కిడ్నీ జబ్బుకు మందు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, 60 మిల్లీగ్రాములు, పొద్దున టిఫిన్ తర్వాత. పిల్లలకు నెల లోపే గుణం కనిపిస్తుంది, పెద్దవాళ్లకు నాలుగు నెలలు కూడా పట్టవచ్చు. అంతదాకా మా అత్తగారు ఏడుకొండలవాడికి దణ్ణం పెట్టని పూట లేదు. ఆయన దయ ఉందనే నమ్ముతాను. ఉప్పు రోజు మొత్తానికి ఒక టీస్పూన్ లోపే, కూరల్లో వేసేది కూడా అందులోనే. ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు పూర్తిగా బంద్. స్ట్రిప్‌ను పొద్దుటి మొదటి మూత్రంలోనే ముంచి, డబ్బా మీద రాసిన టైముకే రంగు చూసి నోట్‌బుక్‌లో రాయాలి. వరుసగా మూడు రోజులు ప్రొటీన్ మూడు ప్లస్ (+++) వస్తే ఫోన్ చేయమన్నారు. స్టెరాయిడ్‌తో మొహం గుండ్రబడుతుంది, అది నీరు కాదు, నొక్కితే గుంట పడదు.

ఒక కన్నే ఉబ్బి, ఎర్రబడి, జ్వరంతో పాటు కనుగుడ్డు కదిపితే నొప్పి ఉంటే అది ఇన్ఫెక్షన్ కావచ్చు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఇక నాలాగా స్టెరాయిడ్ వాడుతున్నవాళ్లు కళ్లు తేటపడ్డాయని దాన్ని ఒక్కసారిగా మానేయకండి. ఒళ్లు తన సొంత స్టెరాయిడ్ హార్మోన్ (కార్టిసాల్) తయారుచేయడం మళ్లీ మొదలుపెట్టాలి కాబట్టి డాక్టరు చెప్పిన లెక్కలోనే డోసు తగ్గించుకుంటూ రావాలి.