క్యూజీఐఎస్ తెర వెనుక

పటాలు తయారుచేసే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అనగానే అందరి నోటా వినిపించే పేరు క్యూజీఐఎస్. 2002లో గ్యారీ షెర్మన్ ప్రారంభించినప్పుడు పోస్ట్‌జీఐఎస్ అనే డేటాబేస్‌లోని లేయర్లను (పటంలో ఒకదానిపై ఒకటి పరిచే సమాచారపు పొరలను) చూపించడం తప్ప మరేమీ చేయలేని ఆ ప్రోగ్రామ్, నేడు ఖరీదైన వాణిజ్య సాఫ్ట్‌వేర్లతో పోటీపడుతోంది. అయితే ఆ ప్రశంసలో పెద్ద వాటా అంతగా పేరు వినబడని రెండు లైబ్రరీలకు (ఇతర ప్రోగ్రాములు వాడుకునే కోడ్ సంపుటాలకు) దక్కాలని నా అభిప్రాయం. ఫ్రాంక్ వార్మర్‌డామ్ 1998లో మొదలుపెట్టిన జీడాల్, వందకు పైగా ఫైలు రకాలను చదవగలదు. 1980లలో అమెరికా భూగర్భ సర్వే సంస్థలో జెరాల్డ్ ఎవెండెన్ రాసిన ప్రోజ్, గుండ్రటి భూమి మీది బిందువు చదునైన పటంలో ఎక్కడ పడుతుందో లెక్కకడుతుంది. ఇలా మార్చే పద్ధతినే ప్రొజెక్షన్ అంటారు.

కొత్తవారిని ఎక్కువగా తికమకపెట్టేది ఈ లెక్కే. షేప్‌ఫైల్ అని పిలిచే పటాల డేటా ఫైలు నిజానికి ఒకే పేరుతో ఉండే కొన్ని ఫైళ్ల గుంపు. వాటిలో ప్రొజెక్షన్ వివరాలుండే పీఆర్‌జే ఫైలు ఇతరులకు పంపేటప్పుడు తరచూ జారిపోతుంది. అప్పుడు క్యూజీఐఎస్‌లో లేయర్ పేరు పక్కన ప్రశ్నార్థకం కనిపిస్తుంది. 'సెట్ లేయర్ సీఆర్‌ఎస్' అనే ఆదేశం, లేయర్‌లోని స్థానాలను తెలిపే అంకెలు ఏ పద్ధతిలో (సీఆర్‌ఎస్‌లో) ఉన్నాయో చెబుతుందే గానీ వాటిని మార్చదు. 'రీప్రొజెక్ట్ లేయర్' మాత్రం అంకెలను కొత్తగా లెక్కించి వేరే లేయర్‌గా ఇస్తుంది. మొదటిదానితో తీరవలసిన పనికి రెండవదాన్ని వాడితే తప్పు మరింత లోతుగా పాతుకుపోతుంది. ఏ పద్ధతో తెలియనప్పుడు ముందు అంకెలను చూడాలి: అవి లక్షల్లో ఉంటే డిగ్రీలు కావు, ఎందుకంటే రేఖాంశం 180 దాటదు. అలాగే అక్షాంశ రేఖాంశాలలో ఉన్న లేయర్‌కు బఫర్ (చుట్టూ నిర్ణీత దూరం వరకు ఉండే ప్రాంతం) గీస్తూ 500 అని టైపు చేస్తే, అది 500 మీటర్లు కాదు, 500 డిగ్రీలు. (భూమి చుట్టూ ఉన్నవే 360.) మీటర్లలో కొలిచే యూటీఎమ్ వంటి ప్రొజెక్షన్‌లోకి మార్చుకున్నాకే బఫర్ గీయాలి. ఇక కొత్త డేటాను జియోప్యాకేజీ అనే ఫైలు రకంలో భద్రపరచడం మేలు. ప్రొజెక్షన్ వివరాలు అదే ఫైలులో ఉంటాయి, ఫీల్డు (పట్టికలోని నిలువు వరుస) పేర్లకు షేప్‌ఫైల్‌లో ఉన్న పది అక్షరాల పరిమితీ ఉండదు.

ప్రోజ్‌లోనూ ఒక పాత లోపం ఉండేది. ఒక డేటమ్ (భూమి మీది స్థానాలను కొలవడానికి ఆధారంగా తీసుకునే భూమి నమూనా) నుంచి మరొకదానికి మార్చేటప్పుడు అది సాధారణంగా జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 అనే డేటమ్ మీదుగానే వెళ్లేది. ఆ చుట్టుదారిలో కచ్చితత్వం తగ్గేది. ఇంటి హద్దులు కొలిచేవారికి మీటరు తేడా కూడా చిన్నది కాదు. దీన్ని సరిదిద్దడానికి 2018లో పలు సంస్థలు కలిసి నిధులు సమకూర్చగా, 2019లో వెలువడిన ప్రోజ్ 6 నేరుగా ఒక డేటమ్ నుంచి మరొకదానికి మార్చే పద్ధతిని తెచ్చింది. అదే ఏడాది వచ్చిన జీడాల్ 3 దాన్ని అందిపుచ్చుకుంది. ఆ మరమ్మతు ఫలితం ఈ లైబ్రరీలపై ఆధారపడిన వాణిజ్య సాఫ్ట్‌వేర్లకు కూడా అందింది.