గడప దాటిన రైలు

ఆదివారం ఉదయం టిఫిన్లయ్యాక మా అమ్మ హాలు ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, ఫ్యాను వేసి నేల ఆరబెడుతుంది. నేల పూర్తిగా ఆరిందని అరిచేత్తో తాకి చూసుకున్న తరువాతే నేను బీరువా మీదినుంచి పట్టాల పెట్టె దింపుతాను. నెల్లూరు మూలాపేటలోని మా పాత మిద్దె ఇంట్లో ఆరేళ్లుగా ఆదివారాలు ఇలాగే మొదలవుతున్నాయి. పగలంతా హాలు నుంచి పడకగది దాకా, పడకగది నుంచి హాలు దాకా నా చిన్న రైలు తిరుగుతుంది. రాత్రి భోజనాల వేళకు పట్టాలన్నీ విప్పి పెట్టెలో సర్దేస్తాను.

ఈ సంగతి తెలిసిన స్నేహితులు చాలామంది ఒకే సలహా ఇస్తారు: ఒక మూల ప్లైవుడ్ బల్ల వేయించి, పట్టాలు దానికి శాశ్వతంగా బిగించి, చుట్టూ కొండలు, చెట్లు, స్టేషను కట్టుకోవచ్చు కదా, వారం వారం ఈ పరచడం, తీయడం దేనికి అని. వారు మంచి మనసుతోనే చెబుతారు కానీ నేను ఒప్పుకోలేను. బల్ల మీది రైలు చూడడానికి బాగుంటుంది. రైలు మార్గం వేయడమంటే ఏమిటో చేతులకు తెలియాలంటే మాత్రం నేల మీద పరచాలి.

ముందు కొలతలు చెబుతాను. నా దగ్గరున్నది హెచ్.ఓ. స్కేలు, అంటే అసలు రైలులో 87వ వంతు. రెండు పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లను 87తో భాగిస్తే 19 మిల్లీమీటర్లు దాటుతుంది. కాబట్టి నా పట్టాలు మన గూడూరు-విజయవాడ లైనుకు సరైన నమూనా కావు, 1435 మిల్లీమీటర్ల గేజి వాడే దేశాలకు సరిపోయే నమూనా. రైలు పెట్టెలకు నీలిరంగు వేసి మన రైలులా చేసుకున్నాను కానీ చక్రాల కింది ఆ తేడా అలాగే మిగిలింది.

ఇప్పుడు బల్ల విషయానికి వస్తాను. మన బ్రాడ్‌గేజి మార్గంలో ఎంత వంపు తిప్పినా ఆ వంపు వ్యాసార్ధం 175 మీటర్లకు తగ్గకూడదని నిబంధన. దానిని 87తో భాగిస్తే సుమారు 2 మీటర్లు వస్తుంది. అంటే రైలు వెనక్కి తిరిగి రావడానికి 4 మీటర్ల వెడల్పు కావాలి. ఎవరింట్లో ఉంటుంది అంత బల్ల? బజారులో దొరికే వంపు ముక్కల వ్యాసార్ధం అరమీటరు అటూ ఇటూ ఉంటుంది, అసలు లెక్కలో అది 45 మీటర్లు కూడా కాదు. అంత బిగువైన మలుపులో పొడవాటి పెట్టెలు పట్టాల అంచు దాటి బయటికి పొడుచుకు వస్తాయి, ఎంత బాగా చేసిన పెట్టె అయినా అక్కడ బొమ్మలా కనిపిస్తుంది. నేల మీద చోటు ఉంది కనుక, వంపు మొదలయ్యేచోటా ముగిసేచోటా రెండు వంపు ముక్కల నడుమ ఒక తిన్నని ముక్క ఇరికిస్తాను. అసలు లైనులోనూ తిన్నని దారి నుంచి వంపులోకి ఒక్కసారిగా కాక కొంచెం కొంచెంగా తిప్పుతారు. ఆ చిన్న మార్పుతోనే రైలు ఒరిగి మలుపు తిరిగే తీరు మారిపోతుంది. పొడవు సంగతీ అంతే. చెన్నై ఐ.సి.ఎఫ్. కర్మాగారంలో తయారైన పాత రకం ప్రయాణికుల పెట్టె ఒకటి నా స్కేలులో పావు మీటరు పైచిలుకు ఉంటుంది, 24 పెట్టెల బండి కట్టాలంటే 6 మీటర్లు దాటుతుంది. నా దగ్గరున్నవి ఆరు పెట్టెలే. కానీ ఎప్పటికైనా 24 పెట్టెలూ కూడితే, ఆ బండి మొత్తం ఒకే తిన్నని దారి మీద సాగిపోవడం నా హాలులో సాధ్యం, బల్ల మీద అసాధ్యం.

నిజానికి ఈ సరదా పుట్టిందే నేల మీద. జర్మనీ కంపెనీ మార్క్‌లిన్ 1891లో లైప్‌జిగ్ సంతలో పట్టాలతో సహా పెంచుకుంటూ పోగల రైలు సెట్టును చూపించినప్పుడైనా, ఇంగ్లండులో ఫ్రాంక్ హోర్న్‌బీ 1920లో కీ ఇచ్చి నడిపే రైళ్లను అమ్మకానికి పెట్టినప్పుడైనా, అవి పెద్ద రైళ్లు. పిల్లలు వాటిని గదుల్లో నేల మీద పరుచుకునేవారు. వాటిలో సగం సైజు రైళ్లు 1935 ప్రాంతంలో వచ్చాకే బల్ల మీది రైలు అన్న మాట బలపడింది.

మా తాత బిట్రగుంట లోకో షెడ్డులో ఫిట్టరు. ఆవిరి ఇంజన్ల కాలంలో బిట్రగుంట అంటే ఈ లైనులో పెద్ద పేరు. సెలవుల్లో అక్కడికి వెళ్లినప్పుడు నేను ఇంజన్ల కన్నా ఎక్కువగా చూసింది కీమ్యాన్‌ను. భుజాన సుత్తి, చేతిలో స్పానరు, ఎర్రజెండా, పచ్చజెండా చుట్టి పెట్టుకుని, ఆయన తన వంతు లైను పొడవునా ప్రతిరోజూ నడిచి, పట్టాను పట్టి ఉంచే ఇనుప కీలు వదులైతే కొట్టి, పట్టాల కొసలను కలిపే ఫిష్‌ప్లేట్ల బోల్టులు బిగించి వెళ్లేవాడు. రైలు ఎందుకు పడిపోకుండా నడుస్తుందని అడిగితే తాత ఇంజను వంక చూపించలేదు, ఆయన వంక చూపించాడు. నేల మీద పట్టాలు పరచడం మొదలుపెట్టాకే నాకు ఆ మాట పూర్తిగా అర్థమైంది. నా లైనులో వంపులూ తిన్ననివీ కలిపి 75 ముక్కలున్నాయి, అంటే 75 అతుకులు, అతుకుకు రెండు చొప్పున 150 బుల్లి ఫిష్‌ప్లేట్లు. వాటిలో ఒక్కటి పట్టా అడుగున కాక పక్కన దూరినా చక్రం అక్కడ ఎక్కుతుంది, వెంటనే దిగిపోతుంది. అందుకని ముక్కలు కలిపాక ప్రతి అతుకు మీదుగా వేలిగోరు పోనిచ్చి చూస్తాను. గోరు తట్టుకుంటే అతుకు విప్పి మళ్లీ కలపాలి. కళ్లకు కనిపించని మెట్టు గోరుకు తెలుస్తుంది.

విదేశీ పుస్తకాలు నేల మీద వద్దని చెప్పేది తివాచీల వల్ల. నూలుపోగులు చక్రాల ఇరుసులకు చుట్టుకుంటాయి, మెత్తని నేల మీద అతుకులు కుంగుతాయి. మనకు ఆ బాధ లేదు, మాది నాపరాళ్ల నేల. దాని బాధలు వేరు. పాత ఇళ్లలో కడిగిన నీళ్లు తూము వైపు పోవాలని మేస్త్రీ నేలకు వాలు పెడతాడు. ఆ వాలు మన కంటికి ఆనదు కానీ ఇంజనుకు బాగా తెలుస్తుంది. మొదటి నెలల్లో రైలు హాలు వాయవ్య మూలకు వచ్చేసరికి ఎందుకు నీరసిస్తుందో అర్థంకాక ఇంజను విప్పి చూశాను. తప్పంతా నేలదే. ఒక గాజు గోలీ తెచ్చి రాయి రాయి మీదా వదిలి, అది ఎటు దొర్లుతుందో చూసి, సుద్దముక్కతో బాణం గుర్తులు వేసుకున్నాను. హాలు మొత్తం గుర్తులు పడ్డాక నేల వాలు పటంలా కనబడింది, దానిని బట్టి లైను దారి మార్చుకున్నాను. రాళ్ల సందుల మీద అతుకు రాకుండా చూసుకోవడం కూడా అప్పుడే అలవాటైంది. నున్నని రాయి మీద పట్టాలు జారి అతుకులు ఊడుతుంటే, సైకిలు ట్యూబును చిన్న ముక్కలుగా కోసి అక్కడక్కడ అడుగున పెట్టాను. ఇప్పుడు కాలు తగిలినా కదలవు.

అన్నిటికన్నా ఎక్కువ రోజులు నన్ను వేధించింది కరెంటు. హాలు నుంచి పడకగదికి ఒకే లైను వేసి, రెండు చివరలా ఒక్కో పాయింటు, అంటే ఒక దారి రెండుగా చీలే ముక్క, పెట్టి, రైలు గుండ్రంగా తిరిగి అదే లైను మీదికి వెనక్కి వచ్చేలా మొదట అమర్చాను. పట్టాలు ఆదా అవుతాయి కదా అనుకున్నాను. చివరి ముక్క కలిపి కంట్రోలరు పిడి తిప్పగానే ఎర్రదీపం వెలిగింది. రైలు అంగుళం కూడా కదలలేదు. ముక్కలు తీసి కలిపాను, తుడిచాను, తీగలు మార్చాను. సాయంత్రం దాకా అదే పని. చివరికి కాగితం మీద రెండు పట్టాలనూ రెండు రంగుల్లో గీస్తే విషయం బయటపడింది: ఇలాంటి రైలుకు 12 వోల్టుల కరెంటు ఒక పట్టా నుంచి వచ్చి మోటారు గుండా రెండో పట్టాలోకి పోతుంది. గుండ్రంగా తిరిగి అదే లైనును చేరినప్పుడు ఎడమ పట్టా వెళ్లి కుడి పట్టాను తాకుతుంది, ప్లస్సూ మైనస్సూ నేరుగా కలిసిపోతాయి. ప్లాస్టిక్ అతుకులతో ఆ గుండ్రాన్ని విడదీసి, దానికి వేరే స్విచ్ పెట్టి ఇది సరిచేయవచ్చు. నేను ఆ దారి పట్టలేదు. మధ్య లైనును జోడు లైనుగా మార్చి, రెండు చివరలా గుండ్రంగా కలిపి, మొత్తం ఒకే చుట్టుగా చేశాను. పట్టాలు దాదాపు రెట్టింపు పట్టాయి కానీ ఆ జోడు లైను మీద రైలు ఒకసారి పోతూ, కాసేపటికి పక్క లైనులో వస్తూ కనిపిస్తుంటే వేదాయపాళెం గేటు దగ్గర నిలబడి చూస్తున్నట్టే ఉంటుంది. ఆ చుట్టు పొడవు 22 మీటర్లు. దూరంగా ఉన్న పడకగది చివర రైలు నీరసించకుండా, కంట్రోలరు నుంచి రెండు తీగలు గోడవారగా లాగి అక్కడి పట్టాలకూ కరెంటు అందించాను.

ఇక గడప. హాలుకూ పడకగదికీ మధ్య 4 సెంటీమీటర్ల ఎత్తు టేకు గడప ఉంది, శుక్రవారం శుక్రవారం అమ్మ దానికి పసుపు రాసి బొట్టు పెడుతుంది. మొదటిసారి నేను పట్టాలు దాని మీద ఆనించబోతుంటే అమ్మ చేయి పట్టుకుని ఆపింది.

"గడప మీద ఇనుము పెడతారంట్రా అబ్బయా? కావాలంటే పైనించి పోనీ, దాన్ని తాకనీబాక."

తాకకుండా పైనుంచి పోవాలంటే వంతెన కట్టాలి. గడపకు ఇటొకటి అటొకటి స్తంభం నిలిపి, మధ్యలో అల్యూమినియం పట్టీల గర్డరు వేశాను. అందరం దానిని పెన్నా వంతెన అనే అంటాము. కష్టమంతా ఎక్కుడు దారిలో ఉంది. మార్కాపురంలో పలకల పనిచేసే చుట్టం ఒకాయన విరిగిన పలకల సంచి తెచ్చిచ్చాడు. ఆ రాయి పొరలు పొరలుగా చీలుతుంది కనుక ముక్కలన్నీ ఇంచుమించు ఒకే మందంలో వస్తాయి, 4 మిల్లీమీటర్లవి ఏరుకుని, జోడు లైనుకు సరిపోయే వెడల్పున రంపంతో కోశాను. మొదటి అతుకు కింద ఒక పలక, తరువాతి దాని కింద మూడు, ఆ తరువాత ఐదు, ఏడు, తొమ్మిది, పదకొండు, పదమూడు, వంతెన దగ్గర పద్నాలుగు. మొదటా చివరా ఒక్క పలకే పెంచడం ముఖ్యం. ఒక్కసారిగా ఎత్తితే పెట్టెల కొక్కేలు విడిపోతాయి. ఆ లెక్కన ముక్కకు 8 మిల్లీమీటర్ల చొప్పున, అంటే సుమారు 42కు 1 వాలులో రైలు పైకెక్కుతుంది. అసలు మెయిన్‌లైనుకు అది చాలా ఎక్కువ వాలు. నా ఇంజను ఐదు పెట్టెలతో ఎక్కగలదు, ఆరో పెట్టె తగిలిస్తే చక్రాలు ఉన్నచోటే తిరుగుతాయి. అందుకని ఆరో పెట్టెను హాలులోనే సైడింగులో, అంటే పక్కకు చీలిన చిన్న లైనులో, నిలుపుతాను.

దుమ్ము సంగతి చెప్పకపోతే ఈ రాత అసంపూర్ణం. ఎంత ఊడ్చినా ఫ్యాను కింద దుమ్ము చేరుతుంది. చక్రాల మీద నల్లని జిగురు పొర కడుతుంది, రైలు కుదుపుతూ ఆగి ఆగి నడవడానికి పదింట తొమ్మిదిసార్లు అదే కారణం. ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన నూలుగుడ్డను పట్టాల మీద పరిచి, ఇంజను చక్రాలను దాని మీద తిరగనిస్తే నల్లని గీతలు పడతాయి. గీతలు పడడం ఆగాక చక్రాలు శుభ్రమైనట్టు. వెంట్రుకలు ఇంకా మొండివి. మొన్న ఇంజను వెనక ఇరుసుకు చుట్టుకున్న ఒక పొడవాటి వెంట్రుకను పట్టకారుతో విప్పడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అది గేరు పళ్లలోకి దూరి ఉంటే మోటారే పోయేది.

అన్నీ సరిగా కుదిరిన రోజున పిడిని చాలా తక్కువగా తిప్పుతాను. గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని 87తో భాగిస్తే సెకనుకు 32 సెంటీమీటర్లు. ఆ వేగంతో చుట్టు పూర్తి కావడానికి 69 సెకన్లు పడుతుంది. గడియారం పెట్టుకుని అంతే నడుపుతాను. చాలామంది దీన్ని దీనికి మూడింతల వేగంతో పరుగెత్తిస్తారు, అది నాకు నచ్చదు. నేల మీద చెవి ఆనించి పడుకుంటే అతుకుల చప్పుడు రాతి గుండా వినిపిస్తుంది. వరుసగా వచ్చే ఆ టకటకల్లో ఒకటి గట్టిగా వినబడితే అక్కడి ఫిష్‌ప్లేటు వదులైందని లెక్క. రైలు ఆపి మోకాళ్ల మీద అక్కడికి వెళ్లి సరిచేసి వస్తాను.

రాత్రి విప్పేటప్పుడు లెక్క చూసుకుంటాను: పట్టా ముక్కలు 75, పలకలు 126. వదులైన ఫిష్‌ప్లేట్లను సన్నని పట్టకారుతో నొక్కి బిగిస్తాను, మరీ వంగిపోయినవి పక్కన పెడతాను. ఒకటి రెండు ఎప్పుడూ తగ్గుతాయి. సోమవారం ఊడ్చేటప్పుడు అవి అమ్మకు మంచం కింద దొరుకుతాయి. వంటింటి గూట్లో, ఆమె బీపీ మాత్రల పక్కనున్న చిన్న స్టీలు గిన్నెలో వేసి ఉంచుతుంది. శనివారం రాత్రి నేను ఆ గిన్నె తెచ్చి పట్టాల పెట్టెలో వంచుకుంటాను.